బ్రౌజరు ఎక్కడి నుంచి వస్తుంది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున మీరేం చేస్తారు? ఇచ్ఛాపురంలో ఉన్నా, భోగాపురంలో ఉన్నా హాల్‌టిక్కెట్టు పట్టుకుని ఏదో ఒక తెర ముందు కూర్చుంటారు కదూ! నంబరు కొట్టగానే మార్కులు ప్రత్యక్షమవుతాయి. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరు నుంచి ఆ సమాచారాన్ని తెచ్చి, మన కంటికి ఆనేలా అమర్చి చూపించే సాధనమే వెబ్ బ్రౌజరు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు కూడా దీని చేతుల మీదుగానే పోతాయి. అలాంటప్పుడు దానిని మన కంప్యూటరులోకి ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చారు అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు మరో కారణం కూడా తోడైంది. విండోస్ 10కి సాధారణ మద్దతును మైక్రోసాఫ్టు 2025 అక్టోబరు 14తో ఆపివేసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 పట్టదు. అంతమాత్రాన వాటిని తుక్కు కింద పారేయనక్కర్లేదు. డెబియన్, ఉబుంటు, మింట్ వంటి లైనక్సు వ్యవస్థలను వాటిలో ఎక్కించుకోవచ్చు. అలా ఎక్కించిన యంత్రంలో బ్రౌజరును ఎలా పెట్టుకోవాలో, పెట్టేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

తెరిచి ఉంచిన పుస్తకం

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగనుంచి తొలుస్తారని మీకు తెలుసు. వీణను ఎవరైనా కొని వాయించవచ్చు. కాని దానిని ఎలా తొలిచారో, మెట్లు ఎంతెంత దూరంలో అమర్చారో తెలిస్తేనే పాడైనప్పుడు బాగుచేయగలం. సాఫ్టువేరుకూ అంతే. మనుషులు రాసిన ఆదేశాల పాఠాన్ని సోర్స్ కోడ్ అంటారు. దానిని అందరూ చదివి, మార్చి, పంచుకునేందుకు అనుమతిస్తే అది ఓపెన్ సోర్సు సాఫ్టువేరు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్ను పథకాన్ని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లైనక్సు కెర్నెల్‌ను విడుదల చేశాడు. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అక్కడ మొదలైన మొజిల్లా కృషి ఫలితమే 2004 నవంబరు 9న వెలువడిన ఫైర్‌ఫాక్సు తొలి పూర్తి విడుదల. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే ఊరికే వచ్చేదా, స్వేచ్ఛ కలదా అన్న గందరగోళం ఉంది. తెలుగులో ఆ చిక్కు లేదు. మనకు 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. మన తెలుగు రాష్ట్రాలలో ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ పేరు కూడా 'స్వేచ్ఛ'యే!

గోదాము, జాబితా, సంతకం

పొందూరు ఖద్దరు అని చెప్పి సంతలో ఎవరో పంచె అమ్మితే, అది అసలుదో కాదో అందరి కంటికీ తెలియదు. ఖాదీ సంఘం కొట్టులో కొంటే ఆ దిగులు తక్కువ. లైనక్సులోనూ అలాంటి కొట్టు ఉంది. దానిని రిపాజిటరీ అంటారు. వేలకొద్దీ సాఫ్టువేర్లను ప్యాకేజీలుగా కట్టి భద్రపరిచే గోదామన్నమాట.

సులువైన పద్ధతి ఇది. మెనూలో 'సాఫ్ట్‌వేర్' లేదా 'సాఫ్ట్‌వేర్ మేనేజర్' తెరవండి. ఫైర్‌ఫాక్స్ అని వెతకండి. 'ఇన్‌స్టాల్' నొక్కండి. సంకేతపదం అడిగితే ఇవ్వండి. అంతే! ఇదే పనిని డెబియన్ టెర్మినల్‌లో రెండు ఆజ్ఞలతో చేయవచ్చు. మొదటిది 'సుడో ఆప్ట్ అప్‌డేట్'. ఇది గోదాము జాబితాను తాజా చేస్తుంది. రెండోది 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్'. ఇది సరుకు తెచ్చి దింపుతుంది. వీటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి సుమా!

సంకేతపదం ఎందుకు? బ్రౌజరు ఒక్కరి కోసం కాదు, యంత్రం మొత్తానికి చేరుతోంది. ఇంటిల్లిపాదినీ తాకే పనికి పెద్దల అనుమతి కావాలి కదా! లైనక్సులో మామూలు వినియోగదారుడు వ్యవస్థ ఫైళ్ళను ముట్టుకోలేడు. 'సుడో' అనే మాట ఆ ఒక్క పనికి అధికారం అడుగుతుంది.

తర్వాత ఏం జరుగుతుంది? ఫైర్‌ఫాక్సుకు తోడుగా ఏయే ప్యాకేజీలు కావాలో కంప్యూటరు లెక్క చూస్తుంది. అక్షరాలు గీసేది ఒకటి, శబ్దం వినిపించేది ఒకటి, ఇలా ఉంటాయి. లేనివాటిని కూడా దింపుకుంటుంది. ఆపైన అతి ముఖ్యమైన పని మొదలవుతుంది. అదే తనిఖీ.

ప్రతి ప్యాకేజీకీ ఒక 'వేలిముద్ర' ఉంటుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతిలో ఎంత పెద్ద ఫైలునైనా 64 అంకెలు, అక్షరాల వరుసగా కుదిస్తారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. సాధ్యమయ్యే వరుసల సంఖ్యను రాయాలంటే 78 అంకెలు కావాలి! ఈ వేలిముద్రలన్నీ గోదాము జాబితాలో ఉంటాయి. ఆ జాబితా వేలిముద్ర మరో పత్రంలో ఉంటుంది. ఆ పత్రం మీద డెబియన్ నిర్వాహకుల డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం చేసే రహస్య తాళం వారి దగ్గర, సరిచూసే బహిరంగ తాళం మన కంప్యూటరులో ఉంటాయి. సంతకం సరిపోతే జాబితాను, జాబితా సరిపోతే ప్యాకేజీని నమ్మవచ్చు. ఉబుంటులో 2022 ఏప్రిల్ విడుదల నుంచి ఫైర్‌ఫాక్సు 'స్నాప్' అనే మరో రకం ప్యాకేజీగా వస్తోంది. పద్ధతి వేరైనా సంతకం చూసి నమ్మడమన్న సూత్రం ఒకటే.

చూడకుండా నమ్మితే?

2016 ఫిబ్రవరి 20న లైనక్సు మింట్ వెబ్‌సైటులోకి చొరబాటుదారులు ప్రవేశించారు. అసలు ఫైలుకు బదులు దొంగతలుపు అమర్చిన ఫైలుకు దారి మళ్ళించారు. వేలిముద్రతో పోల్చి చూసుకోమని నిర్వాహకులు వెంటనే హెచ్చరించారు. అయితే ఇక్కడ ఒకటి గమనించండి. వెబ్‌సైటే దొంగ చేతికి చిక్కితే అక్కడ రాసిన వేలిముద్రను కూడా మార్చివేయగలడు. రహస్య తాళం అతనికి దొరకనంత వరకు సంతకాన్ని మాత్రం సృష్టించలేడు. వేలిముద్ర ఉండగా మళ్ళీ సంతకం దేనికన్న సందేహానికి జవాబు ఇదే.

2025 జూలైలో ఆర్చ్ లైనక్సు వాడుకదారుల రిపాజిటరీలో మూడు మోసపు ప్యాకేజీలు బయటపడ్డాయి. మూడూ బ్రౌజర్ల పేర్లే పెట్టుకుని వచ్చాయి! ఒకదాని పేరులో ఫైర్‌ఫాక్సు ఉంది. వాటిని వేసుకున్నవారి యంత్రాన్ని దూరం నుంచి నడపగల చెడ్డ ప్రోగ్రాము లోపలికి దిగేది. నిర్వాహకులు వాటిని రెండు రోజుల్లో తొలగించారు. అది ఎవరైనా ప్యాకేజీ పెట్టగల చోటు. సంతకం ఉన్న అధికారిక గోదాము కాదు. ఓపెన్ సోర్సు అన్న మాట వినగానే కళ్ళు మూసుకోకూడదు. తెరిచి ఉన్న పుస్తకాన్ని ఎవరో ఒకరు చదివితేనే లాభం.

డబ్బాలు కాదు, అక్షరాలు

బ్రౌజరు వచ్చింది. తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించాయనుకోండి. బ్రౌజరు చెడిపోలేదు. తెలుగు ఫాంటు లేదు, అంతే. యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. 'అ' సంఖ్య 3077. కంప్యూటరుకు చేరేది సంఖ్య మాత్రమే. రూపం ఇచ్చేది ఫాంటు. 'శ్రీ'లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు సంఖ్యలున్నాయి. వాటిని కలిపి ఒకే అక్షరంగా కూర్చే పని మరో సాఫ్టువేరుది.

సిలికానాంధ్ర సంస్థ అందించిన స్వేచ్ఛా ఫాంట్లలో 'గిడుగు', 'గురజాడ' అనేవి ఉన్నాయి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు చదువు కొందరి సొత్తు కారాదని వాడుక భాషకోసం పోరాడారు. వారి పేర్లు ఈ ఫాంట్లకు ఎంత చక్కగా అమరాయో చూడండి!

చేసి చూడండి

లైనక్సు కంప్యూటరులో ఒక ఫైలు తెరిచి 'శ్రీకాకుళం' అని మాత్రమే రాసి దాచండి. ఇందులో 10 యూనికోడ్ సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటీ 3 బైట్లు, అంటే 30 బైట్లు. చివర కొత్త వరుస గుర్తు చేరితే 31. ఫైలు పరిమాణం చూసి లెక్క సరిపోయిందో లేదో తేల్చండి. తర్వాత టెర్మినల్‌లో 'ఎస్‌హెచ్‌ఏ256సమ్' ఆజ్ఞ పక్కన ఫైలు పేరు రాసి దాని వేలిముద్ర తీసుకోండి. ఒక సున్నా చెరిపి మళ్ళీ తీయండి. 64లో ఎన్ని మారాయో లెక్కపెట్టి, మీ తరగతిలో మిగిలినవారి ఫలితాలతో పోల్చండి. ఇకమీదట ఎవరైనా పెన్‌డ్రైవులో బ్రౌజరు తెచ్చిస్తానంటే, దాని సంతకం ఏదని ధైర్యంగా అడగండి!