వెన్నుపాము ధమనీ-సిర ఫిస్టులా

వెన్నుపాము ధమనీ-సిర ఫిస్టులా అనగా ఒక ధమని, కేశనాళికల ప్రమేయం లేకుండా, నేరుగా సిరలోకి తెరుచుకొనే అసహజ స్థితి. వెన్నుపాము రక్తనాళాల వైకల్యాలలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇది సాధారణంగా వెన్నుపాములో కాక, దానిని కప్పి ఉండే వరాశిక అనే గట్టి పొరలో, నాడీమూలం బయటకు వచ్చే చోట ఏర్పడుతుంది. 50 ఏళ్ళు దాటిన పురుషులలో ఎక్కువ.

హాని జరిగే విధానం

రక్తస్రావమే ఇందుకు కారణమని తోచవచ్చు కాని, ఈ వ్యాధిలో అది అరుదు. అసలు హాని సిరల వలన కలుగుతుంది. ధమనిలోని అధిక పీడనంతో కూడిన రక్తం చిన్న సిర గుండా వెనుకకు మళ్ళి, వెన్నుపాము ఉపరితలంపై ఉన్న సిరల వలలో చేరుతుంది. ఈ సిరలకు వెనుకకు మళ్ళే రక్తాన్ని ఆపే కవాటాలు లేవు. అందువలన అవి ఉబ్బి మెలికలు తిరుగుతాయి. కాలువ గట్టు తెగి నీరంతా మురుగుకాలువలో పడితే, పొలంలోని నీరు బయటకు పోలేక పైరు కుళ్ళిపోతుంది కదా, ఇదీ అటువంటిదే. ధమనులకు, సిరలకు మధ్య పీడన భేదం తగ్గి కొత్త రక్తం లోనికి రాదు. కణజాలం నీరుపట్టి, ఆమ్లజని అందక క్రమంగా నశిస్తుంది.

ఫిస్టులా ఎక్కడ ఉన్నా, తరచుగా ముందు దెబ్బతినేది వెన్నుపాము క్రింది కొన. కనుక లక్షణాలను బట్టి ఫిస్టులా ఉన్న చోటును నిర్ణయించలేము.

చరిత్ర

1926లో ఫ్రెంచి వైద్యులు షార్ల్ ఫ్వా, తెయోఫిల్ అలజువనీన్ ఇటువంటి వెన్నుపాము క్షీణతను వర్ణించారు. సిరలలో రక్తం గడ్డకట్టడమే దీనికి కారణమనీ, కనుక ఇది నయం కాదనీ తరువాత చాలాకాలం తలచారు. సిరల పీడనమే మూలమన్న వివరణ 1974లో వచ్చింది. ఫిస్టులా వరాశికలో ఉంటుందని 1977లో కెండల్, లోగ్ చూపారు. ఆ తరువాత, సిరలన్నిటినీ తొలగించనవసరం లేదనీ, కలిసే చోట ఒక్క సిరను మూస్తే చాలుననీ తేలింది.

లక్షణాలు, చికిత్స

నడక తడబడడం, కాళ్ళ తిమ్మిరి, ఆపై మూత్ర విసర్జనలో ఇబ్బంది నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. నడిచినా, ఎక్కువసేపు నిలబడినా ఇవి అధికమవుతాయి. వయసు కారణంగా వీటిని డిస్కు జారడమనో, ప్రోస్టేట్ వాపనో పొరబడడం సర్వసాధారణం. వెన్నుపాము శోథ అనుకొని స్టీరాయిడ్లు ఇస్తే కొందరికి పరిస్థితి హఠాత్తుగా విషమిస్తుంది.

ఎం.ఆర్.ఐ.లో నీరుపట్టిన వెన్నుపాము, దాని చుట్టూ మెలికల సిరలు కనిపిస్తాయి. ఫిస్టులా ఖచ్చితమైన స్థానం ఆంజియోగ్రాములో తెలుస్తుంది. శస్త్రచికిత్సతో గాని, సన్నని గొట్టం ద్వారా జిగురు పంపి గాని దానిని మూసివేస్తారు. కాళ్ళ బలం చాలామందిలో కొంతవరకు తిరిగి వస్తుంది. మూత్రాశయం అంతగా కోలుకోదు. ఎంత ముందుగా మూస్తే అంత మేలు.