ఉంచుకోవాలా, వదులుకోవాలా? యువ గార్డుల విషయంలో బాస్కెట్‌బాల్ జట్ల లెక్కలు

2012 జులై 17న న్యూయార్క్ నిక్స్ జట్టు యువ గార్డు జెరెమీ లిన్‌ను అట్టిపెట్టుకోబోమని నిర్ణయించింది. అంతకు అయిదు నెలల ముందు ఆ నగరాన్ని ఉర్రూతలూగించిన ఆటగాడతడు. సరిగ్గా పదేళ్ల తర్వాత, 2022 జులైలో, డాలస్ మావెరిక్స్ చేజార్చుకున్న మరో యువ గార్డు జేలెన్ బ్రన్సన్‌ను అదే నిక్స్ జట్టు దక్కించుకుంది. ఇద్దరూ ఎన్‌బీఏలో తొలుత ప్రధాన ఆటగాళ్ల వెనుక బెంచి మీద కూర్చున్నవారే. ఒకరిని వదులుకున్న జట్టు ఆ మరుసటి ఏడాది రాణించింది. మరొకరిని పోగొట్టుకున్న జట్టు ఆ మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌కే చేరలేదు. బెంచి మీది యువ గార్డును ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్న ప్రశ్న ప్రతి వేసవిలోనూ ఎన్‌బీఏ జట్ల ముందుకు వస్తుంది. దానికి జవాబు ఆటగాడి ప్రతిభ ఒక్కదానితోనే తేలదనడానికి ఈ రెండు ఉదంతాలే నిదర్శనం.

బ్యాకప్ గార్డు పని ఏమిటి?

బాస్కెట్‌బాల్‌లో బంతిని ముందుకు తీసుకువెళ్లి, దాడిని నడిపించే బాధ్యత పాయింట్ గార్డుది. ఎన్‌బీఏ మ్యాచ్ నిడివి 48 నిమిషాలు. ప్రధాన గార్డు సాధారణంగా 32 నుంచి 36 నిమిషాలు ఆడతాడు. మిగిలిన పన్నెండు, పదిహేను నిమిషాలు బ్యాకప్ గార్డువి. ఆ కొద్ది సమయంలో ఆధిక్యాన్ని కాపాడటమే అతని ప్రధాన కర్తవ్యం.

అతణ్ని అంచనా వేయడం కష్టం కావడానికి కారణమూ ఇక్కడే ఉంది. అతని నిమిషాల్లో ఎక్కువ భాగం ప్రత్యర్థి జట్టు బెంచి ఆటగాళ్ల మీద ఆడినవే. పదిహేను నిమిషాల్లో ఎనిమిది పాయింట్లు చేసినవాడు ముప్ఫై నిమిషాలిస్తే పదహారు చేస్తాడని చెప్పలేం. నిమిషాలు పెరిగితే ఎదురయ్యే రక్షకుల స్థాయి పెరుగుతుంది, అలసట పెరుగుతుంది, అతని బలహీనతలను ప్రత్యర్థులు పసిగడతారు. మరోవైపు, అవకాశం ఇవ్వకపోతే అతని అసలు సత్తా ఏమిటో జట్టుకు ఎప్పటికీ తెలియదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత ఈ ఆటలో అన్నిసార్లూ పనిచేయదు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఐపీఎల్ వేలంలోని 'రైట్ టు మ్యాచ్' కార్డు తెలిసినవారికి ఎన్‌బీఏ పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. 2024 నవంబరు వేలంలో హైదరాబాద్ పేసర్ మహమ్మద్ సిరాజ్‌ను గుజరాత్ టైటాన్స్ 12.25 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. అతని పాత జట్టు బెంగళూరు ఆ కార్డును వాడలేదు. ఎన్‌బీఏలోనూ కొత్తగా వచ్చిన ఆటగాళ్ల ఒప్పందం ముగిసినప్పుడు పాత జట్టుకు ఇలాంటి హక్కే ఉంటుంది. వేరే జట్టు ఇవ్వజూపిన ఒప్పందాన్ని యథాతథంగా తామే ఇస్తామంటే ఆటగాడు పాత జట్టులోనే ఉండాలి. దీన్ని పరిమిత స్వేచ్ఛ అనవచ్చు. ఈ హక్కు మొదటి రౌండ్‌లో ఎంపికైనవారి తొలి ఒప్పందం పూర్తయినప్పుడు, లేదా లీగ్‌లో మూడేళ్లకు మించని అనుభవం ఉన్నవారి విషయంలో వర్తిస్తుంది. ఆ గీత దాటినవారు పూర్తి స్వేచ్ఛాజీవులు. వారిని ఆపే హక్కు పాత జట్టుకు ఉండదు.

ఈ నిబంధనల్లో ఒక భాగానికి గిల్బర్ట్ అరీనాస్ పేరు స్థిరపడింది. 2001లో రెండో రౌండ్‌లో ఎంపికైన ఈ గార్డు రెండేళ్లలోనే ఎదిగిపోయాడు. 2003లో వాషింగ్టన్ విజార్డ్స్ ఇవ్వజూపిన జీతాన్ని సరితూచేందుకు, జీతాల పరిమితి కారణంగా, గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు వీలు లేకపోయింది. ఆ అనుభవంతో 2005 నాటి ఒప్పందంలో కొత్త నియమం చేర్చారు. రెండేళ్లలోపు అనుభవమున్న ఆటగాడికి బయటి జట్టు ఇచ్చే మొదటి రెండేళ్ల జీతానికి పరిమితి పెట్టారు. అయితే మూడో ఏడాది జీతం ఒక్కసారిగా పెరగడానికి మాత్రం వెసులుబాటు మిగిలింది. లిన్ విషయంలో జరిగింది అదే.

లిన్ లెక్క

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివిన లిన్‌ను 2010 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. 2011 డిసెంబరులో మొదట వారియర్స్, తర్వాత హ్యూస్టన్ రాకెట్స్ అతణ్ని వదిలేశాయి. గార్డులు గాయపడటంతో నిక్స్ చేరదీసింది. 2012 ఫిబ్రవరి 4న నెట్స్‌పై బెంచి నుంచి వచ్చి 25 పాయింట్లు చేశాడు. ఫిబ్రవరి 10న లేకర్స్‌పై 38 పాయింట్లు సాధించాడు. ఆరంభ అయిదుగురిలో ఒకడిగా ఆడిన తొలి అయిదు మ్యాచ్‌లలో అతని మొత్తం 136 పాయింట్లు. 1976లో ఎన్‌బీఏ, ఏబీఏ లీగ్‌లు కలిసిన తర్వాత మరే ఆటగాడూ తొలి అయిదు మ్యాచ్‌లలో అన్ని పాయింట్లు చేయలేదు. ఆ ఊపులో నిక్స్ వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలిచింది.

కానీ చిత్రానికి మరో వైపు కూడా ఉంది. ఆ పరంపర ముగిసిన మ్యాచ్‌లో లిన్ తొమ్మిది సార్లు బంతిని పోగొట్టుకున్నాడు. ఫిబ్రవరి 23న మయామీ హీట్ రక్షణ ముందు పదకొండు షాట్లలో ఒక్కటే వేయగలిగాడు. అతని ఆటకు అనువైన వేగవంతమైన పద్ధతిని నడిపిన కోచ్ మైక్ డాంటోని మార్చిలో రాజీనామా చేశారు. ఏప్రిల్ మొదట్లో మోకాలి శస్త్రచికిత్సతో లిన్ సీజన్ ముగిసింది. నిక్స్‌కు అతను ఆడినవి మొత్తం 35 మ్యాచ్‌లు. వాటిలో 25 ఆరంభ అయిదుగురిలో ఒకడిగా ఆడినవి. ఆ కొద్దిపాటి ఆధారం మీదే జట్టు భవిష్యత్తును తేల్చుకోవాలి.

అప్పుడు రాకెట్స్ మళ్లీ రంగంలోకి దిగింది. ఏడు నెలల క్రితం తామే వదిలేసిన ఆటగాడికి మూడేళ్లకు దాదాపు 2.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వజూపింది. మొదటి ఏడాది 50 లక్షల డాలర్లు, రెండో ఏడాది అంతకు కాస్త ఎక్కువ, మూడో ఏడాది ఏకంగా దాదాపు కోటిన్నర. జీతాల పరిమితి లోపల ఖాళీ ఉన్న హ్యూస్టన్ పద్దులో ఏటా సగటు మొత్తమే, అంటే దాదాపు 84 లక్షల డాలర్లే నమోదవుతుంది. అదే ఒప్పందాన్ని నిక్స్ సరితూచితే మూడో ఏడాది కోటిన్నర అంతా ఒకేసారి మీద పడుతుంది. పైగా 2013-14 నుంచి అమల్లోకి వచ్చే విలాస పన్ను ప్రకారం, పన్ను గీత దాటిన ప్రతి డాలరుకూ కనీసం ఒకటిన్నర డాలర్లు లీగ్‌కు చెల్లించాలి. అప్పటికే ఖరీదైన తారలున్న నిక్స్‌కు జీతం కంటే పన్నే ఎక్కువయ్యే ముప్పు ఏర్పడింది. జట్టు అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆలోచించుకోవడానికి ఉన్న గడువు మూడు రోజులు.

నిక్స్ వదులుకుంది. రేమండ్ ఫెల్టన్, జేసన్ కిడ్ అనే అనుభవజ్ఞులైన గార్డులతో 2012-13లో 54 మ్యాచ్‌లు గెలిచి, 2000 తర్వాత తొలిసారి ఒక ప్లేఆఫ్ సిరీస్ నెగ్గింది. హ్యూస్టన్‌లో లిన్ ఆ సీజన్‌లోని 82 మ్యాచ్‌లూ ఆడి, సగటున 13.4 పాయింట్లు చేశాడు. నికరమైన ఆటగాడే, కానీ ఫిబ్రవరి నాటి మెరుపు నిలవలేదు. ఖరీదైన మూడో ఏడాది రాకముందే, 2014 జులైలో, రాకెట్స్ ఒక మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కును కూడా జతచేసి అతణ్ని లేకర్స్‌కు అప్పగించింది. అయితే నిక్స్ నిర్ణయం శాశ్వత పరిష్కారమూ కాలేదు. మరుసటి సీజన్‌లో ఆ జట్టు 37 విజయాలకు పడిపోయింది.

బ్రన్సన్ లెక్క

బ్రన్సన్ కథలో సందేహం ఎదురు దిశలో నడిచింది. 2018 డ్రాఫ్ట్‌లో 33వ స్థానంలో ఎంపికైన అతనికి డాలస్ నాలుగేళ్ల ఒప్పందం ఇచ్చింది. ఆ నాలుగో ఏడాదే తర్వాత జట్టుకు ఖరీదైంది. మూడేళ్ల గీత దాటడంతో 2022లో అతను పూర్తి స్వేచ్ఛతో మార్కెట్‌లోకి వెళ్లాడు. సరితూచే హక్కు డాలస్‌కు లేకపోయింది.

ముందే కాపాడుకునే మార్గం మాత్రం ఉండింది. నిబంధనల ప్రకారం నాలుగేళ్లకు దాదాపు 5.5 కోట్ల డాలర్లతో ఒప్పందాన్ని పొడిగించవచ్చు. దానికి తాము సిద్ధంగా ఉన్నామని బ్రన్సన్ తండ్రి రిక్ తర్వాత చెప్పారు. అప్పటి యజమాని మార్క్ క్యూబన్ వివరణ వేరు. డాలస్ జాప్యాన్ని అర్థం చేసుకోవచ్చు. 2021 ప్లేఆఫ్స్‌లో క్లిప్పర్స్‌పై బ్రన్సన్‌కు నిమిషాలు తగ్గాయి. బంతి ఎప్పుడూ లూకా డాన్‌చిచ్ చేతిలో ఉండే జట్టులో అతని అవసరం ఎంతన్నది తేలలేదు.

2022 ఏప్రిల్‌లో అది తేలింది. డాన్‌చిచ్ గాయంతో దూరమైనప్పుడు యూటా జాజ్‌పై రెండో మ్యాచ్‌లో బ్రన్సన్ 41 పాయింట్లు చేశాడు. సందేహం తీరేనాటికి ధర రెట్టింపయింది. నిక్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లు ఇచ్చింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట డాలస్‌కు ఆలస్యంగా బోధపడింది. 2022-23లో ప్లేఆఫ్స్‌కు చేరని ఆ జట్టు, మధ్యలో కైరీ ఇర్వింగ్ కోసం ఆటగాళ్లనూ డ్రాఫ్ట్ హక్కులనూ వదులుకుంది. 2024లో ఫైనల్‌కు చేరింది. నిక్స్‌లో బ్రన్సన్ 2023-24లో సగటున 28.7 పాయింట్లు చేసి, 2025లో జట్టును పాతికేళ్ల తర్వాత తూర్పు విభాగం ఫైనల్‌కు నడిపించాడు.

మరి కొలమానం ఏది?

ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెడితే కొన్ని ప్రశ్నలు ముందుకు వస్తాయి. గణాంకాలు ఎన్ని మ్యాచ్‌లవి, ఎవరి మీద ఆడినవి? ఆ ప్రతిభ ఒక కోచ్ పద్ధతికే పరిమితమా, ఎక్కడైనా నిలుస్తుందా? ప్రధాన తార లేని రోజున దాడిని అతను నడపగలడా? అతని స్థానంలో వచ్చేవారికి ఎంత ఖర్చవుతుంది?

వీటన్నింటి కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న గడువుకు సంబంధించినది. యువ ఆటగాడి గురించి తెలిసింది తక్కువగా ఉన్నప్పుడే అతని ధర తక్కువ. తెలిసేకొద్దీ ధర పెరుగుతుంది, జట్టు హక్కులు తరుగుతాయి. లిన్ విషయంలో నిక్స్ మూడు రోజుల్లో, మరో జట్టు రాసిన షరతుల మీద తేల్చుకోవలసి వచ్చింది. బ్రన్సన్ విషయంలో డాలస్ చేతిలో సమయమూ షరతులూ రెండూ ఉండి, అవి చేజారాయి. ముందుగా పొడిగిస్తే పొరపాటు కావచ్చు. కానీ ఓ మోస్తరు జీతమున్న గార్డును వేరే జట్టుకు ఇచ్చి బదులుగా మరొకరిని తెచ్చుకోవచ్చు. ఊరికే వెళ్లిపోయిన ఆటగాడికి బదులు ఏమీ రాదు.

ఇందులో ఆటగాడి వైపు కూడా చూడాలి. ఒకే డిసెంబరులో రెండు జట్లు కాదన్న లిన్, ఉద్యోగ భద్రత లేని ఆ రోజుల్లో న్యూయార్క్‌లో తన సోదరుడి ఇంట్లో సోఫా మీద పడుకునేవాడు. పరిమిత స్వేచ్ఛ ఉన్న ఆటగాడు తాను ఏ నగరంలో ఉండాలో తాను నిర్ణయించుకోలేడు. జట్టుకు ఇది జీతాల పద్దులో ఒక వరుస. అతనికి మాత్రం బెంచి మీద గడిచిన సంవత్సరాలకు దొరికే ఒకే ఒక్క జవాబు.