ఛాతీ శస్త్రచికిత్సయందు సజీవ కండరముల వినియోగము

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి అంటుమామిడి క్రొత్త కాదు. కుండలోని మొక్కను తల్లిచెట్టు కొమ్మకు చేర్చి కట్టి, రెండును అతుకుకొన్న పిదపనే కొమ్మను కోయుదురు. అంతవరకు కొమ్మకు రసము తల్లిచెట్టునుండియే అందుచుండును. నుదుటి చర్మమును తొడిమతో త్రిప్పి తెగిన ముక్కును కట్టు మన ప్రాచీన చికిత్సకును ఇదియే మూలము. 1794లో ఒక లండను పత్రిక దీనిని వర్ణించెను. ఛాతీ లోపలి గుంటలను పూడ్చు నేటి ‘ఫ్లాప్’ చికిత్సయు ఈ జాతిదే. అయితే ఇందు తొడిమను ఎన్నటికిని కోయరు.

క్షయవలనగాని, ఊపిరితిత్తిలో కొంత తీసివేయుటవలనగాని ఛాతీలో చీముపట్టిన ఖాళీ మిగులవచ్చును. కడుపు మెత్తనిది గనుక ముడుచుకొనును. ఎముకల పంజరము ముడుచుకొనజాలదు. ఆ ఖాళీలోనికి శ్వాసనాళమునకు రంధ్రము పడినచో చీము మంచి ఊపిరితిత్తిలోనికిని ఒలుకును. మందులు రక్తముద్వారా చేరవలసినవి. రక్తప్రసారము లేని గుంటలో వాటి బలము చాలదు. పూర్వము ప్రక్కటెముకలు తొలగించి ఛాతీనే లోనికి కూల్చెడివారు. ప్రాణము దక్కినను దేహము ఒకవైపునకు ఒరిగిపోయెడిది.

1911లో అబ్రషనాఫ్ కండరముతో అట్టి రంధ్రమును మూయు పద్ధతిని ప్రకటించెను. 1935లో లియో ఎలెస్సర్ క్షయవలన చేరిన చీమునకై చర్మపు ఫ్లాపును లోనికి మడచి వెలుపలికి దారి కల్పించెను. గుండె ఆపరేషను పిదప కుళ్ళిన రొమ్ముటెముక గాయములకు రొమ్ము కండరములను వాడిన ఫలితములను 1980లో జుర్కీవిచ్ బృందము ప్రకటించెను.

అన్నింటను మిక్కిలి ఉపయోగపడునది వీపుమీది వెడల్పు కండరము. చంకనుండి దిగు ధమని దానికి ప్రధాన పోషకము. ఆ ధమనిని కాపాడుచు, కండరమును తక్కినచోట్ల విడదీసి, ప్రక్కటెముకలో కొంత కోసి, ఆ కిటికీగుండ లోనికి త్రిప్పుదురు. కండరము చాలనిచో ప్రేగులపై కొంగువలె పరచుకొనియుండు క్రొవ్వుపొరను పైకి తెత్తురు. తొడిమ మెలిపడినను, బిగిసినను నెత్తురాగి కండ చచ్చును. లోపలనున్నది గనుక కంటికి కానరాదు. ఆ కండరమును కోల్పోయిన భుజబలము కొంత తగ్గును. సామాన్యులకు అంతగా తెలియకపోయినను, చెట్లెక్కి కాయలు కోయువారికి తెలియును.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. ఛాతీ తెరచుటకు వాడుకలోనున్న పెద్ద ప్రక్కకోతయందు ఈ కండరమే అడ్డముగా తెగును. ధమనికి దూరమైన క్రింది సగము పిమ్మట ఫ్లాపునకు నమ్మదగినది కాదు. మొదటి కోతలోనే దానిని మిగిల్చిన వైద్యుడు ఏండ్ల తరువాతి ఆపదకు ఉపాయము దాచియుంచినవాడగును. 1948లో డాక్టర్ రీవ్ బెట్స్ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి ఛాతీ శస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పెను. కృష్ణగిరివారికి అది అందుబాటులోనిదే. హోసూరువారికి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లు. 2022లో కృష్ణగిరిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కావున ఒక ఊర తొలికోత, వేరొక ఊర మరమ్మతు జరుగుట సంభవమే. రెండవ వైద్యునికి మొదటి ఆపరేషను నివేదిక కావలయును. ఇంటికి పంపునపుడిచ్చు కాగితములో ఏ కండరము తెగినది, ఏది మిగిలినది అను వివరము తరచు ఉండదు. ఆ నివేదికను ప్రత్యేకముగా అడిగి తీసికొనవలెను.