క్లౌడ్ సర్వర్లు – పనుల పంపకము

దూరముననుండి మన దస్త్రములను భద్రపరచి, అడిగినదే తడవుగా అందించు కంప్యూటర్లు క్లౌడ్ సర్వర్లు. ఇవి పని లేకున్నను విద్యుత్తును వినియోగించును. గూగుల్ ఇంజనీర్లు బరోసో, హోల్జ్‌లే 2007లో వివరించినట్లు, ఊరకయున్న సర్వరుకు సైతము పూర్తి పనివేళ పట్టు విద్యుత్తులో సుమారు సగము ఖర్చగుచుండెను. కావున పలు సర్వర్లపై చెదరిన పనులను కొన్నింటిపైకి చేర్చి, తక్కినవానిని ఆపుదురు.

గంపలో గుమ్మడికాయలు ముందుంచి, సందులలో నిమ్మకాయలు సర్దినట్లు, పెద్దపనులకు మొదట చోటు చూపి, పిదప చిన్నవానిని ఇముడ్చుట సులభమార్గము. అయితే ప్రతి పనికిని మెమొరీ, ప్రాసెసరు రెండును చాలవలెను.

అంచువరకు నింపిన సర్వరుపై పరీక్షాఫలితముల దినమున రద్దీ హెచ్చినచో, అందలి పనులన్నియు కుంటువడును. ఒకే సేవయొక్క ప్రతులన్నియు ఒక్కచోటనే యున్నచో, ఆ సర్వరు చెడినపుడు సేవయే నిలిచిపోవును; మన విద్యార్థి తన ఫలితము నెరుగలేడు. కనుక కొంత ఖాళీ విడిచి, ప్రతులను వేరువేరు సర్వర్లయందుంచిన పిదపనే పొదుపు నాలోచింపవలెను.