వంత పాడే పెట్టె

కొయ్యూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, లూపర్ పెడల్ ఒకటి కొందామనుకుంటున్నా. వాడ్డానికి తేలిగ్గా ఉండేది ఏదో చెప్పు." వాడు గిటార్ నేర్చుకున్నది ఆదివారం ప్రార్థనల్లో. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని రిథమ్ వాయించిన స్నేహితుడు ఉద్యోగం దొరికి విశాఖ వెళ్లిపోయాడు. ఇప్పుడు వీడు లీడ్ అందుకుంటే కింద రిథమ్ ఉండదు. రిథమ్ పట్టుకుంటే పైన పాట ఉండదు. ఉన్నవి రెండు చేతులే కదా.

అది వినగానే నా మనసు గిటార్ మీదికి కాదు, బుర్రకథ మీదికి పోయింది. కొయ్యూరు అంటే 1924 మే 7న అల్లూరి సీతారామరాజును తెల్లదొరల పటాలం కాల్చి చంపిన చోటు. ఆ వీరుడి కథ నా తరంవాళ్లు పుస్తకంలో చదివేముందే బుర్రకథలో విన్నారు. కథకుడు తంబుర భుజాన వేసుకుని, బొటనవేలికి అందె తొడుక్కుని, ముందుకూ వెనక్కూ చిందులేస్తూ కథ నడుపుతాడు. ఇరుపక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. కథకుడు ఊపిరి పీల్చుకునే జాగాలో పల్లవి అందుకునేది వాళ్లే, కథ చల్లబడకుండా లయ కాసేది వాళ్లే. పొన్నెకల్లు షేక్ నాజర్ అంతటి బుర్రకథ దిగ్గజానికైనా ఆ ఇద్దరూ కావాల్సిందే. మాటల్లో మాత్రం "వంత పాడటం" అంటే మనకు చులకన. వాయించిన ముక్కను రికార్డు చేసుకుని మళ్లీ మళ్లీ తిప్పి వినిపించే లూపర్ పెడల్ అంటే కాలితో తొక్కే వంతగాడని వాడితో చెబితే ఫోన్లోనే నవ్వాడు.

"అరిగిపోయిన రికార్డులా చెప్పిందే చెప్పకు" అని కసురుకుంటాం చూడండి, ఈ యంత్రం పుట్టింది అక్కడే. 1948లో పారిస్ రేడియో ఇంజనీరు పియరీ షఫేర్ రికార్డు మీది గాడిని లోపలికి చుట్టుకుంటూ పోనివ్వకుండా వలయంగా మూసేశాడు. ముల్లు అందులో చిక్కుకుని ఒకే ముక్కను తిప్పి తిప్పి వినిపించేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు కాబట్టి ఒక్కో చుట్టుకు సుమారు 0.77 సెకను. స్టేషన్లో పట్టుకొచ్చిన రైలింజన్ల చప్పుళ్లను అలా తిప్పుతూ వింటుంటే కాసేపటికి రైలు మాయమై లయ మిగిలేది.

అదే కాలంలో అమెరికాలో గిటారిస్టు లెస్ పాల్ తన గ్యారేజీలో మరో దారి తొక్కుతున్నాడు. ఒక గిటార్ భాగం డిస్కు మీద రికార్డు చేయడం, దాన్ని వింటూ రెండోది వాయించి రెండూ కలిపి ఇంకో డిస్కుకు ఎక్కించడం. అలా పొర మీద పొర వేసి 1948లో "లవర్" అనే రికార్డు తెచ్చాడు. తర్వాత టేపు యంత్రం చేతికొచ్చాక దానికి అదనంగా ఒక హెడ్ బిగించాడు. పాత ధ్వనిని చదివి, కొత్త వాయింపుతో కలిపి, అదే టేపు మీద మళ్లీ రాసే ఏర్పాటది. ఇందులో ఒక చిక్కుంది. కొత్త పొర పడేసరికి పాతది చెరిగిపోతుంది. ఆరో పొరలో వేలు జారితే మొదటి అయిదూ గంగపాలే. నేటి పెడల్‌లో "అండూ" సదుపాయం చూసినప్పుడల్లా నాకు ఆ గ్యారేజీయే గుర్తొస్తుంది. ఇప్పుడు ముందటి పొర మెమరీలో భద్రంగా ఉంటుంది కాబట్టి, తప్పు చేసినవాడు కాలితో కాసేపు అదిమి ఉంచితే చాలు.

ఇక అసలైన లూపింగ్‌కు వద్దాం. 1963లో టెర్రీ రైలీ అనే అమెరికన్ స్వరకర్త పారిస్‌లో ఉండగా, అక్కడి రేడియో సాంకేతికుడొకరు ఒకే టేపును రెండు రికార్డర్ల మీదుగా సాగదీశాడు. మొదటిది రాస్తుంది, రెండోది చదువుతుంది, చదివిన ధ్వని తిరిగి మొదటిదానికి చేరుతుంది. ఆలస్యం ఎంతంటే, టేపు ఆ దూరం నడిచేంత. మామూలు వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు. కాబట్టి అయిదు సెకన్లు ఆలస్యం కావాలంటే రెండు యంత్రాలనూ దాదాపు మీటరు ఎడంగా పెట్టాలి. కాలాన్ని టేపు పెట్టి కొలవడమంటే ఇదే! ఈ రైలీయే 1970లో హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడై తంబుర ముందు కూర్చున్నాడు. తిరిగి తిరిగి వచ్చే ధ్వని మీద పాట కట్టడమనే సంగతి మనవాళ్లకు కొత్తేమీ కాదని ఆయనకు అక్కడ తెలిసే ఉంటుంది. 1972లో సంగీతకారుడు బ్రయన్ ఈనో, గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ రెండు రివాక్స్ రికార్డర్లతో ఇదే పని చేశారు. లూపింగ్ అప్పుడు గిటార్ చేతిలోకి వచ్చింది. కాకపోతే ఆ సరంజామాను మోయడానికి మనుషులు కావాలి. వంతల్ని పెట్టుకోవడమే చవక.

టేపు పోయి చిప్పులు రావడంతో పెట్టె చిన్నదైంది, కానీ ఒక్కసారిగా కాదు. ధ్వనిని అంకెలుగా దాచాలంటే సీడీ నాణ్యతకు సెకనుకు 44,100 సార్లు కొలవాలి. ఒక్కో కొలతకు రెండు బైట్లు. అంటే 16 సెకన్లకు 14 లక్షల బైట్ల పైమాటే. 1980ల తొలినాళ్లలో వాడుకలో ఉన్న 64 కిలోబిట్ల చిప్పులతో అంత దాచాలంటే 172కి మించి కావాలి. అందుకే ఆ కాలపు యంత్రాల్లో సమయం పెంచుకుంటే స్పష్టత వదులుకోవాల్సి వచ్చేది. ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్ల డిజిటల్ డిలే పేరులోనే 16 సెకన్లని గొప్పగా చెప్పుకున్నారంటే మెమరీ ఎంత ఖరీదో ఊహించుకోవచ్చు. 1999లో లైన్ 6 వాళ్ల ఆకుపచ్చని డీఎల్4లో లూపర్ 14 సెకన్లు. 2001లో బాస్ ఆర్‌సీ-20 వచ్చేసరికి అయిదున్నర నిమిషాలు. ఆ తర్వాత మెమరీ నేల మీద పడి దొరికే సరుకైపోయింది. ఇప్పుడు గంటల లెక్కన ఇస్తున్నారు.

ఇక్కడే కొనేవాళ్లు బోల్తా పడతారు. గంటలు చూసి మురిసిపోతారు. నాలుగు కార్డ్‌ల వరస నెమ్మదిగా వాయించినా పది, పదిహేను సెకన్లే కదా! పదమూడు గంటల సమయం నీకెందుకు నాయనా, రాత్రంతా జాగారమా?

అసలు కష్టం సమయంతో కాదు, కాలితో. నిమిషానికి 120 తాళాల పాట అనుకుందాం, తాళానికి అర సెకను. లూప్ మూసేటప్పుడు కాలు 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఒక్కడే వాయించుకునేవాడికి ప్రతి చుట్టులోనూ అదే చోట చిన్న కుంటు వినిపిస్తుంది, అంతే. పక్కన డప్పో డ్రమ్మో నిక్కచ్చిగా మోగుతుంటే మాత్రం ఆ తేడా చుట్టు చుట్టుకూ పెరిగి, పది చుట్లకు అర సెకనవుతుంది. సరిగ్గా ఒక తాళం జారిపోయినట్టు. మనిషి వంత అయితే ఈపాటికి కనిపెట్టి సర్దుకునేవాడు. పెట్టెకు చెవుల్లేవు, జ్ఞాపకమే ఉంది.

అందుకే తేలిక అంటే నా దృష్టిలో కాలికి ఆలోచన పెట్టకపోవడం. డీఎల్4 మీద లూపర్‌కే నాలుగు మీటలు. బాగా చేయి తిరిగినవాళ్లు దానితో అద్భుతాలు చేశారు. కొత్తవాడు ఏ మీట ఏదో వెతుక్కుంటూ తాళం పోగొట్టుకుంటాడు. 2013 ప్రాంతంలో డెన్మార్క్ కంపెనీ టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో అనే అగ్గిపెట్టెలాంటి పెడల్ తెచ్చింది. ఒక గుండీ, ఒక మీట, అయిదు నిమిషాలు. ఒకసారి తొక్కితే రికార్డు మొదలు, రెండోసారికి లూప్ తిరగడం, మూడోసారికి పైపొర. ఆగాలంటే వెంటవెంటనే రెండుసార్లు తొక్కాలి. ఈ చివరిదే కొత్తవాళ్లకు కాస్త గండం. 2014లో బాస్ ఆర్‌సీ-1 కూడా ఈ ఒంటి మీట దారికే వచ్చింది. దాని మీద గుండ్రంగా వెలిగే దీపాల వరస ఉంటుంది, లూప్ ఎంతవరకు తిరిగిందో గడియారం ముల్లులా చూపిస్తుంది. పల్లవి ఎప్పుడొస్తుందో కళ్లకు కనబడితే కాలు తడబడదు.

లూపర్ల సత్తాను పెద్ద వేదికల మీద చూపించినవాళ్లు వేరే. 2004లో స్కాట్లాండ్ గాయని కేటీ టన్‌స్టల్ బ్రిటిష్ టీవీలో ఒంటరిగా నిలబడి అకాయ్ హెడ్‌రష్ పెడల్‌తో పాట కట్టింది. ఆ ఒక్క కార్యక్రమంతో లోకం ఆమె పాదాల వైపు చూసింది. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ చాలా పాటలకు వెనక బ్యాండు లేకుండా, గిటార్ చెక్కను తట్టి తాళం, తీగ మీటి కార్డ్‌లు, గొంతుతో వంత పోగేశాడు. ఆయన వాడేది ప్రత్యేకంగా చేయించుకున్న పెద్ద యంత్రం. మావాడు దాని ఫొటో పంపి "ఇలాంటిది?" అన్నాడు. వద్దన్నాను.

కొయ్యూరుకు కావాల్సిన లెక్కలు వేరు. మొదటిది కరెంటు. డిట్టోలో బ్యాటరీకి చోటే లేదు, ఆర్‌సీ-1 మాత్రం 9 వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తుంది. రెండోది ఏ సమీక్షలోనూ కనబడదు. మనం ఇంట్లో చెప్పులేసుకోం. చిన్న పెడల్ మీది ఇనప మీట ఒట్టి కాలికి గుచ్చుకుంటుంది, గట్టిగా తొక్కితే గచ్చు మీద జారిపోతుంది కూడా. బాస్ పెడల్‌కు వెడల్పాటి రబ్బరు పలక ఉంటుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వాడిది పికప్ లేని అకౌస్టిక్ గిటార్. లూపర్ వినేది గాలిని కాదు, కేబులులో వచ్చే కరెంటును. చెక్కకు అంటించే పీజో పికప్ ఒకటి కొంటే తీగల కంపనం నేరుగా పెడల్‌కు వెళ్తుంది. పెడల్‌కు డబ్బులు పెట్టి పికప్ మరిచిపోవడమంటే పొయ్యి కొని గ్యాసు మరిచినట్టే.

పలక ఉన్నదే కొన్నాడు. పికప్ మాత్రం తర్వాత చూద్దామని, ప్రార్థన మందిరం నుంచి మైకూ చిన్న మిక్సరూ అడిగి తెచ్చుకున్నాడు. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో చూపించాడు. కాలు వేశాడు, నాలుగు కార్డ్‌లు వాయించాడు, మళ్లీ కాలు వేశాడు. తాళం చక్కగా కుదిరింది. ముఖం వెలిగిపోయింది. లీడ్ అందుకోబోతుండగా మా అక్క గొంతు వినబడింది: "ఒరేయ్, అన్నానికి రా!" ఎనిమిది సెకన్లు గడిచాయి. "ఒరేయ్, అన్నానికి రా!" అప్పటికే వడ్డించేసి వాకిట్లో నిలబడ్డ మా అక్క, నోరు తెరవకుండానే తన గొంతు ఎలా వస్తోందో తెలియక పెట్టె వైపు అనుమానంగా చూస్తోంది. అండూ ఎలా చేయాలో మరిచిపోయి, మావాడు రెండు కాళ్లతోనూ తొక్కుతున్నాడు.