జ్వరానికి మనం పెట్టే పేరు

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల నుండి కూడా జ్వరాలు లంబసింగి ఘాటు దిగి వస్తాయి. 2022 ఏప్రిల్‌లో ఆ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి గాని, రోగి దిగే దారి మారలేదు.

ఆలస్యమంతా రోడ్డు లేని ఊరిలో, డోలీ మోతలో ఉందంటాం. నిజమే. కానీ డోలీ కట్టక ముందే ఇంకొక ఆలస్యం జరుగుతుంది. కళ్లు పచ్చబడితే కామెర్లు, పసరు మందు. పొక్కులు లేస్తే అమ్మవారు, వేపాకులు. ఉన్నట్టుండి కేకలు వేస్తే గాలి సోకింది, మంత్రగాడు. జబ్బుకు ఇంట్లోవాళ్లు పేరు పెట్టగానే ఎవరి గుమ్మం తొక్కాలో తేలిపోతుంది.

మన ఏజెన్సీలో ఫాల్సిపారం మలేరియా ఉంది. అది మెదడుకు ఎక్కితే రోగి అయినవాళ్లను గుర్తుపట్టడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్లకు అది దయ్యమే. మొదట్లోనే ఆశా కార్యకర్త కిట్‌తో వేలి నుండి ఒక్క రక్తపు బొట్టు తీసి ఉంటే అరగంటలోపే తెలిసేది, మూడు రోజుల మాత్రలతో లొంగేది. మెదడుకు ఎక్కాక మిగిలేవి గంటలే.

మంత్రగాడిని తిట్టి ఊరుకోవడం సులువు. మన మాటేమిటి? అలాంటి రోగిని తెల్లవార్లూ ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టిన సంఘాలను మేము ఎరుగుదుము. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు మాట్లాడేవారూ ఉన్నారు. లూకాను ప్రియమైన వైద్యుడని కొలొస్సయుల పత్రికలో పిలిచింది పౌలే కదా!

అలాగని తప్పంతా ఇంటివాళ్లదే అనలేం. మంత్రగాడు పక్కన కూర్చుంటాడు, వాళ్ల భాషలోనే మాట్లాడతాడు. పట్నం వస్తే ఇద్దరి కూలి పోతుంది. గది మీద బోర్డు చదవలేరు. కువి మాత్రమే వచ్చిన తల్లి బిడ్డకు జ్వరం ఎన్నాళ్లుగా ఉందో చెప్పుకోలేదు. ఆమెకు ముందుగా అందేది చాలాసార్లు కసురే. ఇంకోసారి ఆమె ఎందుకు వస్తుంది?

నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థించే పాస్టరుగారికి ఆ నుదురు కాలుతోందని వెంటనే తెలుస్తుంది. అప్పుడే ఒకరిని ఆశా ఇంటికి పంపి, ఇంకొకరితో 108కి ఫోను చేయించవచ్చు. ప్రార్థన దారి పొడవునా సాగవచ్చు. నర్సీపట్నం విశ్వాసులలో కొండ భాష వచ్చిన ఒక్కరు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎదురుచూస్తే, ఆ తల్లి తరఫున చీటీ రాయించడం, జ్వరం ఎప్పుడు మొదలైందో డాక్టరుగారికి చెప్పడం కష్టమేమీ కాదు.