సున్నపునీటి మర్మము

మెక్సికో పల్లెలలో తెల్లవారకమునుపే పని మొదలగు ఇండ్లు నేటికిని కలవు. రాత్రి ఉడికించి దింపిన కుండలో మొక్కజొన్నలు సున్నపునీట నానుచుండును. ఉదయమున ఇల్లాలు వానిని పలుమార్లు కడిగి, పొట్టు రాల్చి, తడిగానే నూరును. ఆ ముద్దకే 'మాసా' అని పేరు. అరచేతుల నడుమ తట్టి పెనముపై కాల్చినచో అది 'టోర్టియా' అను రొట్టె యగును. మొక్కజొన్న పొత్తు పొరలలో చుట్టి ఆవిరిపై ఉడికించినచో 'తమాల్', నీట కలిపి కాచినచో 'అతోలే' అను జావ యగును.

తాంబూలమున సున్నము మన మెరుగుదుము. అన్నమున సున్న మేల?

కిలో గింజలకు సుమారు 10 గ్రాముల సున్నము చాలును. అది గింజపై గట్టిపొట్టును కరగించి వదులు చేయును. వట్టి మొక్కజొన్నపిండి నీటితో కలిపినను విరిగిపోవును. సున్నపునీట నానిన గింజల పిండి జిగురుపట్టి ముద్ద యగును. అంతకన్న గొప్ప మేలు కంటి కగపడదు. మొక్కజొన్నలోని నియాసిన్ అను విటమిన్ మన దేహమునకు అందని రీతిగా బంధింపబడి యుండును. సున్నము ఆ బంధమును విప్పును. ఈ విద్యను మధ్య అమెరికా ప్రాంతపు జనులు మూడువేల యేండ్లకు పూర్వమే ఎరుగుదురు. సున్నమునకు మారుగా బూడిదయు వాడుట కలదు.

1492 తరువాత మొక్కజొన్న ఐరోపాకు చేరినది. గింజ ఓడ నెక్కినది. సున్నము రేవులోనే నిలిచిపోయినది. మొక్కజొన్నయే కూడుగా బ్రతికిన పేదలలో వింతవ్యాధి యొకటి పొడసూపినది. చర్మము పగిలి, మతి చలించి, తుదకు మరణము సంభవించెడిది. స్పెయినులో కసాల్ అను వైద్యుడు 1735లో దీనిని వర్ణించెను. 1771లో ఇటలీయందు దీనికి 'పెల్లాగ్రా', అనగా గరుకుచర్మము, అను పేరు వచ్చినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలోను వేలమంది దీని వాత బడిరి. ఇది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమే కారణమనియు 1914 మొదలు పరిశోధించిన గోల్డ్‌బెర్గర్ నిరూపించెను. నియాసిన్ దీనికి మందని 1937లో ఎల్వేహెం కనుగొనెను. రొట్టెయే ప్రధానాహారమైన మెక్సికో పల్లెలలో మాత్రము ఈ జబ్బు అరుదు.

అయితే ఆ రొట్టె వెనుక శ్రమయు తక్కువది కాదు. 'మెటాటే' అను రాతిబండ యెదుట మోకరిల్లి స్త్రీలు దినమునకు గంటల తరబడి నూరెడివారు. పిండిమరలు వచ్చి వారి నడుములకు విశ్రాంతి నిచ్చినవి. నేడు సున్నపునీట శుద్ధిచేసిన పొడిపిండియు అంగళ్లలో దొరకును. దానిని నిందింప బనిలేదు.

విటమిన్ అను మాట పుట్టకమునుపే ఈ మర్మమును కనుగొన్న స్త్రీల పేర్లు ఏ గ్రంథమునను లేవు. పరదేశపు పంటను గైకొనువారు దానిని వండిన చేతుల విద్యను గూడ అడిగి నేర్చుకొనవలెను. అడుగకపోయినందుకు ఐరోపా పేదలు ప్రాణములతో వెల చెల్లించిరి.